బెరెస్‌ఫర్డ్: పోర్చుగల్ సైన్యాన్ని నిలబెట్టిన పరాయి మార్షల్

1809 మొదట్లో పోర్చుగల్‌కు రాజు దేశంలో లేడు. సైన్యం ఉందంటే ఉంది, లేదంటే లేదు. అంతకుముందు 1807 నవంబరు చివర్లో నెపోలియన్ సేనాని జునో లిస్బన్ పొలిమేరకు వచ్చేసరికి రాణి మరియా, ఆమె పేరు మీద రాజ్యం నడుపుతున్న కొడుకు జోవావ్, దర్బారు మొత్తం ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లిపోయారు. జునో ఊళ్లో కుదురుకోగానే పోర్చుగల్ సైన్యాన్ని రద్దు చేశాడు. పనికొచ్చే సిపాయిల్ని, ఆఫీసర్లని ఏరి ఒక దళంగా కట్టి ఫ్రాన్స్‌కు పంపేశాడు. 1808లో జనం తిరగబడ్డారు, బ్రిటిష్ సేనలు దిగాయి, విమెయిరో దగ్గర ఆర్థర్ వెల్లెస్లీ గెలిచాడు, ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. ఆర్నెల్లు తిరక్కుండానే మరో ఫ్రెంచి సేనాని సూల్ట్ ఉత్తరం వైపు నుంచి మళ్లీ వచ్చిపడ్డాడు.

జనంలో భయం ఎంతగా ముదిరిందంటే, మార్చి 17న బ్రాగా పట్టణంలో సొంత సేనాని బెర్నార్దిమ్ ఫ్రెయిరేనే అల్లరిమూక చంపేసింది. వెనక్కి తగ్గుదామన్నందుకు దేశద్రోహి అనుకున్నారు. దానికి రెండు రోజుల ముందే, మార్చి 15న, పోర్చుగల్ సైన్యానికి ఒక కొత్త మార్షల్ బాధ్యతలు తీసుకున్నాడు. ఆయన పోర్చుగీసువాడు కాదు, క్యాథలిక్ కూడా కాదు. పేరు విలియం కార్ బెరెస్‌ఫర్డ్. ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్ ప్రాంతపు పెద్ద జమీందారు కొడుకు. ఒక కన్ను కనిపించదు. వయసు 40.

పదకొండేళ్ల పాటు ఆయన ఆ సైన్యాన్ని నడిపాడు. కూలిపోయిన సైన్యాన్ని ఐరోపాలో ఎవరికీ తీసిపోని సైన్యంగా నిలబెట్టిన మనిషి, చివరికి లిస్బన్ రేవులో కాలు మోపనివ్వకుండా వెనక్కి పంపబడ్డాడు. నిలబెట్టడం ఎలా సాధ్యమైందో, వెళ్లగొట్టడం ఎందుకు జరిగిందో విడివిడిగా చెబితే ఈ కథ సగమే అర్థమవుతుంది. రెండింటికీ మూలం ఒకటే: సిపాయికి జీతం, తిండి ఎవరు ఇస్తున్నారు, ఎవరి డబ్బుతో ఇస్తున్నారు అన్నది.

బెరెస్‌ఫర్డ్ ఆంగ్లో-ఐరిష్. ఆ మాట ఐర్లండ్‌లో ఇంగ్లండ్ మూలాలున్న ప్రొటెస్టెంట్ భూస్వామి వర్గానికి వాడతారు. చుట్టూ ఉన్న జనం క్యాథలిక్కులు. భూమి, పదవులు, పార్లమెంటు మాత్రం వీళ్ల చేతుల్లో. ఆస్తి పెద్ద కొడుకుకు పోతే మిగతావాళ్లకు సైన్యమో, నౌకాదళమో, చర్చి ఉద్యోగమో దిక్కు. అందుకే ఆనాటి బ్రిటిష్ సైన్యంలో ఐర్లండ్ జమీందారీ ఇళ్ల పేర్లు అన్ని కనిపిస్తాయి. ఇటు ఓడిపోయిన ఐరిష్ క్యాథలిక్ కులీనులు ఫ్రాన్స్, స్పెయిన్, ఆస్ట్రియా, రష్యా కొలువుల్లో చేరి అక్కడ సేనానులయ్యారు. తెలుగు పాఠకులకు ఈ రెండు తెగలూ కొత్త కాదు. 1760లో వందవాసి దగ్గర ఫ్రెంచివాళ్లను నడిపిన లాలీ ఐరిష్ ప్రవాసి కొడుకు. ఆయన్ని ఓడించిన ఐర్ కూట్ లిమరిక్ ప్రాంతపు ఆంగ్లో-ఐరిష్. అంతకుముందు చందుర్తి దగ్గర గెలిచి, మచిలీపట్నం కోటను పట్టుకుని ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ల చేజారేలా చేసిన ఫోర్డ్‌ది కూడా ఐర్లండే.

బెరెస్‌ఫర్డ్‌కు ఇంకో ముడి ఉంది. ఆయన వాటర్‌ఫర్డ్ మార్క్విస్‌కు పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు. 1768లో పుట్టాడు. తండ్రి దాచిపెట్టలేదు, ఇంటిపేరిచ్చాడు, స్ట్రాస్‌బర్గ్‌లోని సైనిక పాఠశాలలో చదివించాడు. జమీందారీ మాత్రం రాదు. 1785లో 17 ఏళ్లకు సైన్యంలో చేరాడు. మరుసటి ఏడాది కెనడా తీరంలోని నోవా స్కోషియాలో వేటకు వెళ్లినప్పుడు తోటి ఆఫీసరు పేల్చిన తుపాకీ గుండు తగిలి ఎడమ కన్ను పోయింది.

ఆ తర్వాతి 20 ఏళ్లూ తిరుగుడే. తూలాన్, కోర్సికా, ఆ తర్వాత 88వ రెజిమెంట్‌కు లెఫ్టినెంట్ కల్నల్. ఐర్లండ్ పడమటి జిల్లాల క్యాథలిక్ రైతుబిడ్డలతో నిండిన ఆ రెజిమెంట్‌తోనే ఇండియా వచ్చాడు. 1801లో ఇక్కణ్ణుంచి జనరల్ బెయిర్డ్ ఈజిప్టుకు తీసుకెళ్లిన సేనలో ముందు నడిచిన బ్రిగేడ్ ఆయనదే. ఎర్రసముద్రం ఒడ్డున ఖుసైర్‌లో దిగి, నైలు నది మీది ఖెనా దాకా దాదాపు 200 కిలోమీటర్లు ఎడారిలో నడవాలి. ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఏ రాత్రి ఎంత దూరం నడవాలి, ఎన్ని ఒంటెలు కావాలి అన్నదే ఆ ప్రయాణం మొత్తం. తుపాకీ పేల్చే పని పడలేదు. బెరెస్‌ఫర్డ్ అసలు నేర్పు ఏమిటో మొదటిసారి బయటపడింది అక్కడేనని చెప్పవచ్చు.

1806లో బ్యూనస్ ఎయిర్స్ వ్యవహారం ఆయనకు వేరే పాఠం నేర్పింది. నౌకాధికారి పోపమ్ పై నుంచి అనుమతి లేకుండానే దక్షిణ అమెరికా మీదికి దండెత్తాడు. బెరెస్‌ఫర్డ్ ఇంచుమించు 1,600 మందితో జూన్ 27న ఆ నగరాన్ని పట్టుకున్నాడు. ఖజానా లండన్‌కు తరలిపోయింది, అక్కడ వీధుల్లో ఊరేగించారు కూడా. ఇటు ఊరి జనం 1,600 మందిని లెక్కపెట్టుకుని తేరుకున్నారు. స్పెయిన్ కొలువులో ఉన్న లినియేర్స్ అనే ఫ్రెంచివాడు జనాన్ని కూడగట్టి వచ్చాడు. ఆగస్టు 12న బెరెస్‌ఫర్డ్ లొంగిపోయాడు. ఆర్నెల్లు బందీగా ఉండి తప్పించుకున్నాడు. జనం ఒప్పుకోని చోట ఎంత క్రమశిక్షణ ఉన్న సైన్యమైనా నెలన్నరకు మించి నిలవలేదని ఆయన స్వయంగా చూశాడు.

1807 చివర్లో అట్లాంటిక్‌లోని పోర్చుగీసు దీవి మదీరాకు గవర్నరుగా వెళ్లడం ఆయన జాతకాన్ని మార్చింది. అక్కడ పోర్చుగీసు భాష నేర్చుకున్నాడు.

పోర్చుగల్ రాజప్రతినిధి మండలి ఒక బ్రిటిష్ సేనానిని పంపమని అడిగినప్పుడు వాళ్ల మనసులో ఉన్నది వెల్లెస్లీ. ఆయన వద్దన్నాడు. బెరెస్‌ఫర్డ్‌ను ఎంచుకోవడానికి భాష ఒక కారణం, ఆ కుటుంబానికి లండన్, డబ్లిన్ రాజకీయాల్లో ఉన్న పలుకుబడి ఇంకో కారణం. బ్రిటిష్ సైన్యంలో ఆయన కంటే సీనియర్లు చాలామంది ఉన్నారు. పోర్చుగల్ మార్షల్ అయిన జూనియర్ కింద పనిచేయాల్సి వస్తుందని జనరల్ జాన్ మర్రే ఏకంగా ఇంటిదారి పట్టాడు.

ఇక్కడ హైదరాబాద్ గుర్తుకు రావడం సహజం. 1798 దాకా నిజాం పదాతి దళాలను నడిపింది రేమండ్ అనే ఫ్రెంచి దొర. మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. అదే ఏడాది ఆయన చనిపోయాక కంపెనీ ఆ పటాలాలను రద్దు చేయించి, సైన్య సహకార ఒప్పందం కింద తన దళాలను పెట్టింది. ఆ ఒప్పందం చేయించిన గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ, మరుసటి ఏడాది శ్రీరంగపట్నం దండయాత్రలో నిజాం సేనల్ని నడిపిన తమ్ముడు ఆర్థర్, ఇద్దరూ ఆంగ్లో-ఐరిషే. పరాయి ఆఫీసర్లు, స్థానిక సిపాయిలు అనే పద్ధతి ఆర్థర్‌కు కొత్త కాదు. కానీ డబ్బు నడిచిన దిశలో పెద్ద తేడా ఉంది. హైదరాబాద్‌లో ఖర్చు నిజాందే. బాకీ కింద జిల్లాలకు జిల్లాలు కంపెనీకి పోయాయి. మన దత్త మండలం అలా చేతులు మారిందే. పోర్చుగల్‌లో మాత్రం లండనే డబ్బు పంపింది. మొదట 20,000 మంది సిపాయిల ఖర్చు, తర్వాత 30,000 మందిది. కారణం సూటిగానే ఉంది: ఒక బ్రిటిష్ సిపాయిని సముద్రం దాటించి పోషించడం కంటే ఒక పోర్చుగీసు రైతుబిడ్డకు తుపాకీ ఇచ్చి తిండి పెట్టడం చవక.

బెరెస్‌ఫర్డ్ తోమార్ పట్టణంలో మకాం పెట్టి పని మొదలుపెట్టాడు. కాగితం మీద ఆ సైన్యం ఆకారం బాగానే ఉంది: 24 పదాతి రెజిమెంట్లు, 12 గుర్రపు దళాలు, 4 ఫిరంగి దళాలు, గోధుమరంగు యూనిఫారాల తేలికపాటి దళాలు 6. ఈ ఆకారం ఆయన గీసింది కాదు. యుద్ధశాఖ కార్యదర్శి మిగెల్ పెరెయిరా ఫోర్జాజ్ అప్పటికే తయారుచేసి పెట్టాడు. బ్రిటిష్ రచనలు చాలాకాలం ఈ మనిషిని పక్కన పడేశాయి. అది అన్యాయం. బలవంతపు భర్తీ చట్టాలు, కింది ఊళ్ల దాకా ఉన్న ప్రజాదళాల వ్యవస్థ, కబురందితే మనుషుల్ని పోగుచేసే యంత్రాంగం అన్నీ పోర్చుగల్ సొంతవి. ఫోర్జాజ్ ఊళ్ల నుంచి మనుషుల్ని పట్టుకురాకపోతే బెరెస్‌ఫర్డ్ కవాతు నేర్పడానికి ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు.

లోటంతా లోపల ఉంది. తుపాకులు చాలవు. గుర్రాలు లేవు. పైస్థాయిలో వయసు మళ్లిన ఆఫీసర్లు, కింద ప్రమోషన్ ఆశ లేక సోలిపోయిన కెప్టెన్లు. ఆఫీసరు జీతం ఇల్లు గడవడానికే చాలదు కాబట్టి సిపాయి కూటికీ బట్టకూ వచ్చే డబ్బు దారిలోనే కరిగిపోయేది. బెరెస్‌ఫర్డ్ ముసలివాళ్లను పెద్ద ఎత్తున ఇంటికి పంపాడు, ఆఫీసర్ల జీతాలు పెంచాలని పట్టుబట్టాడు, కోర్టు మార్షల్ తీర్పులు నెలల తరబడి సాగకుండా చేశాడు.

అన్నిటికంటే తెలివైన ఏర్పాటు రెజిమెంట్ లోపల చేశాడు. కమాండరు పోర్చుగీసు అయితే అతని వెంటనే కింద బ్రిటిష్ ఆఫీసరు. కమాండరు బ్రిటిష్ అయితే కింద పోర్చుగీసు. కొన్ని రెజిమెంట్లు కలిసిన బ్రిగేడ్లలోనూ ఇదే వరస. ఒకరి పని ఇంకొకరు గమనిస్తూ ఉంటారు, అయితే ఏ ఒక్క జాతీ పూర్తిగా పైన కూర్చోదు. బ్రిటిష్ సైన్యం నుంచి వచ్చేవాళ్లకు ఒక మెట్టు పై హోదా ఎర వేశారు. వచ్చినవాళ్లు అధికారం చలాయించినా, ఇచ్చే ఆర్డర్ మాత్రం పోర్చుగల్ సింహాసనం పేరు మీద వెళ్లేది. బెరెస్‌ఫర్డ్ అధికారం బ్రిటిష్ హోదా నుంచి వచ్చింది కాదు, పోర్చుగల్ సింహాసనం ఇచ్చిన మార్షల్ పదవి నుంచి వచ్చింది. దీన్ని ఆయన ఎప్పుడూ మర్చిపోలేదు.

ఆయన దినసరి ఉత్తర్వులు సంవత్సరాల వారీగా అచ్చయ్యాయి. చదివితే మనిషి తీరు అర్థమవుతుంది. మెచ్చుకున్నా, తిట్టినా పేరు పెట్టి రాస్తాడు. ఫలానా రెజిమెంట్ ఫలానా కెప్టెన్ బాగా చేశాడు, ఫలానా లెఫ్టినెంట్ సెలవు దాటి ఇంట్లో కూర్చున్నాడు అని సైన్యమంతటా, ప్రతి దళం ముందూ చదివించేవారు. పరువు ప్రాణంగా బతికే చిన్న జమీందారీ కుటుంబాల ఆఫీసర్లకు ఇది కొరడా దెబ్బ కంటే గట్టిగా తగిలేది. కఠినుడే, పారిపోయినవాళ్లను కాల్పించాడు. కానీ అదే ఉత్తర్వుల్లో బూట్ల గురించి, రొట్టె గురించి, ఆస్పత్రుల గురించి కూడా అంతే పట్టుగా రాశాడు.

తిండి సమస్య మాత్రం ఉత్తర్వులతో తీరలేదు. పోర్చుగల్ సరఫరా శాఖకు చేతిలో డబ్బు లేదు, బండ్లు లేవు. పక్క దళంలో బ్రిటిష్ సిపాయి మాంసం, రొట్టె తింటుంటే పోర్చుగీసు సిపాయి ఖాళీ కడుపుతో నిలబడేవాడు. సిపాయిలు పారిపోతున్నారంటే పిరికితనం అనేవాళ్లు చాలామంది. బెరెస్‌ఫర్డ్ అది ఆకలి అన్నాడు. మెల్లమెల్లగా బ్రిటిష్ డివిజన్లలో కలిపిన పోర్చుగీసు బ్రిగేడ్లకు బ్రిటిష్ గోదాముల నుంచే తిండి అందేలా చేయగలిగారు. రెండు బ్రిటిష్ బ్రిగేడ్లకు ఒక పోర్చుగీసు బ్రిగేడ్ చొప్పున చాలా డివిజన్లను కలగలిపారు. కలిసి నడిచినవాళ్లు కలిసి తినడంతో తేడా కొద్దిగా తగ్గింది.

దీనికి మార్కులు వేసింది వెల్లింగ్టనే, అంటే ఆ బిరుదు పొందిన ఆర్థర్ వెల్లెస్లీ. 1813లో లండన్‌కు రాసిన ఉత్తరంలో పోర్చుగీసువాళ్లు ఇప్పుడు మన సైన్యానికి పందెం కోళ్లయ్యారు అన్నాడు. ఆ వెంటనే, మనం నేర్పిన చదువు కంటే వాళ్ల జేబులనీ కడుపులనీ చూసుకోవడమే దీనికి ఎక్కువ కారణం అని కూడా రాశాడు. బెరెస్‌ఫర్డ్ జీవితం మీద ఇంత పొందికైన వ్యాఖ్య ఇంకొకటి కనిపించదు.

మొదటి పెద్ద పరీక్ష 1810 సెప్టెంబరు 27న బుసాకో కొండ మీద వచ్చింది. మస్సేనా నడిపిన ఫ్రెంచి సైన్యం కొండ ఎక్కుతూ దాడి చేసింది. పైన ఉన్న సుమారు 50,000 మందిలో సగం పోర్చుగీసులు. ఏడాదిన్నర కిందట ఈ సిపాయిల్ని చూసి నవ్వినవాళ్లు ఆ రోజు మాట మార్చుకున్నారు. బెరెస్‌ఫర్డ్ ఒకప్పుడు నడిపిన 88వ రెజిమెంట్ శిఖరం మీదికి చొచ్చుకొచ్చిన ఫ్రెంచివాళ్ల మీద విరుచుకుపడినప్పుడు పక్కనే 8వ పోర్చుగీసు రెజిమెంట్ కూడా ఉంది. నష్టాల లెక్క తేలాక బ్రిటిష్ వైపు 626 మంది, పోర్చుగీసు వైపు 626 మంది. ఇంత సమానంగా రావడం యాదృచ్ఛికమే అయినా, రెండు సైన్యాలు ఒక్క వరసలో నిలబడ్డాయని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బెరెస్‌ఫర్డ్‌కు సర్ బిరుదు వచ్చింది.

ఇక అల్బువేరా. ఆయన పేరు వినగానే బ్రిటిష్ పాఠకులకు గుర్తొచ్చేది, ఆయన్ని జీవితాంతం వెంటాడింది ఈ ఒక్క రోజు.

1811 మే 16. స్పెయిన్‌లోని బదహోస్ కోటను బెరెస్‌ఫర్డ్ ముట్టడిస్తుంటే దాన్ని విడిపించడానికి సూల్ట్ దాదాపు 24,000 మందితో వచ్చాడు. బెరెస్‌ఫర్డ్ దగ్గర సుమారు 35,000 మంది: బ్రిటిష్ 10,000, పోర్చుగీసు 10,000, మిగతావాళ్లు స్పెయిన్ సిపాయిలు. స్పెయిన్ సేనాని బ్లేక్ ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది, తండ్రి ఐరిష్. వెల్లింగ్టన్ ఉత్తరాన ఉన్నాడు. అంటే ఇంత పెద్ద యుద్ధాన్ని బెరెస్‌ఫర్డ్ ఒంటరిగా నడపడం ఇదే మొదటిసారి.

సూల్ట్ ఎదురుగా ఊరి వంతెన మీద దాడి చేస్తున్నట్టు చూపించి, అసలు బలగాన్ని చుట్టు తిప్పి కుడి పక్కకు తెచ్చాడు. అక్కడున్న స్పెయిన్ దళాలు ఆ వైపుకు తిరిగి నిలబడాలి. బ్లేక్ నమ్మలేదు, ఆలస్యం చేశాడు. సాయాస్ అనే స్పెయిన్ సేనాని కొద్దిపాటి దళాలతో కదలకుండా నిలబడడం వల్లే ఆ పక్క వెంటనే కూలిపోలేదు. సాయానికి పరిగెత్తిన కోల్‌బోర్న్ బ్రిగేడ్ ఫ్రెంచివాళ్ల పక్క నుంచి కాల్పులు మొదలుపెట్టిన సమయంలో వడగళ్ల వాన ముంచుకొచ్చింది. తుపాకీ మందు తడిసింది, పది అడుగుల అవతల ఏముందో కనపడలేదు. ఆ వాన తెరలోంచి పోలండ్ బల్లెపు రౌతులు వచ్చారు. నిమిషాల్లో బ్రిగేడ్‌లో ఎక్కువ భాగం పోయింది. ఒక రౌతు బెరెస్‌ఫర్డ్ మీదికే వచ్చాడు. ఒంటి కన్ను మార్షల్ బల్లెం పక్కకు నెట్టి, రౌతు మెడ పట్టి జీను మీద నుంచి కింద పడేశాడు. ఆయన ఒంటి బలం, ధైర్యం గురించి ఎవరికీ ఎప్పుడూ అనుమానం లేదు.

అనుమానం తర్వాతి గంట గురించి. రెండు బ్రిటిష్ బ్రిగేడ్లు కొండ మీద నిలబడి, ఎదుట కిక్కిరిసిన ఫ్రెంచి దళంతో అతి దగ్గర నుంచి కాల్పులు జరుపుకుంటున్నాయి. ఎవరూ కదలరు, వరుసలు వరుసలు పడిపోతున్నాయి. బెరెస్‌ఫర్డ్ ఒక స్పెయిన్ దళాన్ని ముందుకు తోలడానికి ప్రయత్నించాడు, కుదరలేదు. దూరంగా ఉన్న హామిల్టన్ పోర్చుగీసు డివిజన్‌ను పిలిచాడు, వాళ్లు వెంటనే అందలేదు. చేతిలో సిద్ధంగా ఉన్న కోల్ డివిజన్‌ను మాత్రం కదపలేదు, వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుందన్న టెన్షన్‌తో కావచ్చు. చివరికి పోర్చుగల్ సైన్యపు స్టాఫ్‌లో ఉన్న 26 ఏళ్ల హెన్రీ హార్డింజ్ గుర్రం మీద వెళ్లి కోల్‌ను ముందుకు నడవమని ఒప్పించాడు. తర్వాత 1840ల్లో ఇండియా గవర్నర్ జనరల్‌గా వచ్చిన హార్డింజ్ ఈయనే.

కోల్ నడిచాడు. ఆ నడకలోనే బెరెస్‌ఫర్డ్ మీద అసలు తీర్పు దాగి ఉంది. ఒక చివర హార్వీ నడిపిన పోర్చుగీసు బ్రిగేడ్. మైదానంలో, గుర్రపు దాడికి కాచుకునే చతురస్రం కట్టకుండా, బారుగా నడుస్తున్న పదాతి దళం మీదికి ఫ్రెంచి గుర్రపు దళం దూకింది. అనుభవం ఉన్న దళాలే చెదిరిపోయే సమయం అది. పోర్చుగీసులు ఆగి, గురి చూసి కాల్చారు. గుర్రాలు వెనక్కి మళ్లాయి. వాళ్లలో చాలామందికి అది మొదటి పెద్ద యుద్ధం. సేనాని తడబడిన రోజున ఆయన తయారుచేసిన సిపాయిలు తడబడలేదు. యుద్ధం నడపడం, సైన్యాన్ని తయారుచేయడం వేర్వేరు విద్యలని అల్బువేరా చూపినంత స్పష్టంగా మరే యుద్ధమూ చూపలేదు.

ఫ్రెంచివాళ్లు వెనక్కి తగ్గారు. కానీ బ్రిటిష్ పదివేల మందిలో నాలుగు వేలకు పైగా చచ్చారు లేదా గాయపడ్డారు. పోర్చుగీసు నష్టం 400 లోపు. బెరెస్‌ఫర్డ్ ఎంత కుంగిపోయాడంటే, ఆయన పంపిన నివేదిక ఓటమి వార్తలా ఉంది. వెల్లింగ్టన్ దాన్ని చూసి ఇలా కుదరదు, గెలుపని రాయండి అన్నాడు. కొంతకాలానికి ఆ దళాల బాధ్యత బ్రిటిష్ సేనాని హిల్ చేతికి వెళ్లింది, బెరెస్‌ఫర్డ్ ఆరోగ్యం చెడి లిస్బన్‌లో పడ్డాడు.

అయినా వెల్లింగ్టన్ ఆయన్ని వదులుకోలేదు. తనకేమైనా అయితే సైన్యాన్ని ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆయన నోట వచ్చిన పేరు బెరెస్‌ఫర్డే. దళాల్ని కదపడంలో మీలో కొందరు ఆయన కంటే మెరుగు కావచ్చు, ఇప్పుడు కావాల్సింది సైన్యానికి తిండి పెట్టగలిగేవాడు అన్న అర్థంలో మాట్లాడాడు. 1812లో సలమాంకా దగ్గర పోర్చుగీసు బ్రిగేడ్‌ను స్వయంగా నడిపిస్తూ ఛాతీలో గుండు దెబ్బ తిన్నాడు. కోలుకుని విటోరియా, పిరెనీస్ దాటి ఫ్రాన్స్ దాకా వెళ్లాడు. 1814 మార్చి 12న బోర్దో నగరంలోకి ఆయన అడుగుపెడితే ఎదురొచ్చి స్వాగతం చెప్పిన మేయర్ పేరు లించ్, అతనూ ఐరిష్ ప్రవాసుల వంశమే.

శాంతి వచ్చింది. సమస్య అక్కడే మొదలైంది.

యుద్ధం ముగియగానే లండన్ డబ్బు ఆగిపోయింది. సైన్యం మాత్రం పెద్దదిగానే ఉంది, బెరెస్‌ఫర్డ్ దాన్ని తగ్గించనివ్వలేదు. జోవావ్ ఇంకా బ్రెజిల్‌లోని రియోలోనే ఉన్నాడు. 1815లో బ్రెజిల్‌ను పోర్చుగల్‌తో సమానమైన రాజ్యంగా ప్రకటించాడు. 1808లో బ్రెజిల్ రేవులు పరాయి ఓడలకు తెరవడం, 1810లో బ్రిటన్‌తో వ్యాపార ఒప్పందం చేసుకోవడంతో లిస్బన్, పోర్తో వ్యాపారులు వలస వ్యాపారం మీద తమ గుత్తాధిపత్యం కోల్పోయి ఉన్నారు. ఖజానాకు ఆదాయం లేదు. పైగా దక్షిణ అమెరికాలోని మోంటెవిడియో దండయాత్రకు పోర్చుగల్ నుంచే దళాలు పంపాలి. 1809లో ప్రాణం కాపాడిన సైన్యం 1816 నాటికి ఊరి మీద భారమైంది. ఖర్చంతా రైతు, వర్తకుల మీద పడుతుంటే ఆదేశాలు మాత్రం సముద్రం అవతలి రాజుదో, పరాయి మార్షల్‌దో.

ఇక్కడ బెరెస్‌ఫర్డ్‌ది నిజమైన తప్పు. 1815లో ఆయన రియోకు వెళ్లి జోవావ్ దగ్గర ఇంకా ఎక్కువ అధికారాలు తెచ్చుకున్నాడు. లిస్బన్‌లోని రాజప్రతినిధి మండలితో ప్రతి దానికీ తగాదా. అప్పటిదాకా తోడుగా ఉన్న ఫోర్జాజ్‌తో కూడా దూరం పెరిగింది. యుద్ధం అయిపోయాక కూడా బ్రిటిష్ ఆఫీసర్లు పై పదవుల్లో కూర్చునే ఉన్నారు. ఫ్రెంచి కొలువులో చూసిన రష్యన్ మంచు నుంచి, పిరెనీస్ కొండల నుంచి తిరిగొచ్చిన పోర్చుగీసు ఆఫీసర్లు మెట్టు ఎక్కలేక కింద ఎదురుచూస్తున్నారు. ఒకప్పుడు ఎంతో జాగ్రత్తగా కట్టిన ఒకరు పైన, ఒకరు కింద పద్ధతి ఇప్పుడు వాళ్లకు సంకెలలా తోచింది.

1817లో కుట్ర బయటపడింది. బెరెస్‌ఫర్డ్‌ను, మండలిని దించేయాలన్నది దాని లక్ష్యమని అభియోగం. అరెస్టయినవాళ్లలో ప్రముఖుడు జనరల్ గోమెస్ ఫ్రెయిరే, ఒకప్పుడు నెపోలియన్ కొలువులోకి వెళ్లిన పోర్చుగీసు దళంలో పనిచేసి తిరిగొచ్చినవాడు, ఫ్రీమేసన్లు అనే రహస్య సంఘానికి పెద్ద. అప్పటికి రాజైన జోవావ్ ఆమోదం కోసం ఎదురుచూడకుండానే అక్టోబరు 18న ఆయన్ని లిస్బన్ బయట సావ్ జులియావ్ కోట దగ్గర ఉరితీశారు. నగరంలో ఇంకో పదకొండు మందిని. శిక్ష వేసింది పోర్చుగీసు న్యాయమూర్తులు, తొందరపడింది మండలి. కానీ కుట్ర సమాచారం మండలికి చేరవేసింది బెరెస్‌ఫర్డ్. జనం తూకాలు వేసి చూడలేదు, నింద పరాయివాడి మీదే పడింది. నగరంలో ఆ పదకొండు మందిని ఉరితీసిన మైదానానికి ఇప్పుడు దేశం కోసం ప్రాణమిచ్చిన అమరుల పేరు ఉంది.

1820 ఏప్రిల్ నాటికి సిపాయిల జీతాలు నెలల తరబడి బాకీ. స్పెయిన్‌లో అప్పటికే సైన్యం తిరగబడి రాజు చేత రాజ్యాంగం ఒప్పించింది. ఈ గాలి పోర్చుగల్‌కు తగులుతుందని బెరెస్‌ఫర్డ్‌కు తెలుసు. డబ్బు కోసం, అధికారం కోసం మళ్లీ రియో వెళ్లాడు. ఆయన తిరిగి రాకముందే, ఆగస్టు 24న, పోర్తోలో సైన్యం వీధిలోకి వచ్చింది. నడిపించినవాళ్లలో 18వ పదాతి రెజిమెంట్ కల్నల్ సెపూల్వేదా, ఫిరంగి దళం కల్నల్ కబ్రెయిరా ఉన్నారు. ఇద్దరూ ఆయన సైన్యంలోని ఆఫీసర్లే. ఊళ్లో ఒక్క తూటా పేలలేదు. దళాలు వరుసగా నిలబడ్డాయి, ఆర్డర్లు పాటించాయి, రాజ్యాంగం కావాలన్నాయి. ఇంత క్రమశిక్షణతో తిరగబడగలిగిన సైన్యం 1809లో పోర్చుగల్‌కు లేదు. నెల తిరక్కుండా లిస్బన్ కూడా కలిసింది. బ్రిటిష్ ఆఫీసర్లను కొలువు నుంచి తప్పించారు.

అక్టోబరు 10న బెరెస్‌ఫర్డ్ ఓడ లిస్బన్ ఉన్న టాగస్ నదీముఖంలోకి వచ్చింది. కొత్త ప్రభుత్వం ఆయన్ని దిగనివ్వలేదు. కొన్నాళ్లు ఓడలోనే ఉండి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

తర్వాతి జీవితం సుఖంగానే సాగింది. వైకౌంట్ అయ్యాడు, వెల్లింగ్టన్ ప్రధానిగా ఉన్నప్పుడు ఆయుధ శాఖ చూశాడు, 64 ఏళ్ల వయసులో దగ్గరి బంధువైన ఒక వితంతువును పెళ్లి చేసుకున్నాడు, 1854 జనవరిలో కెంట్‌లోని తన ఎస్టేటులో పోయాడు. ప్రశాంతంగా మాత్రం లేడు. చరిత్రకారుడు విలియం నేపియర్ అల్బువేరాలో ఆయన ప్రవర్తనను చీల్చి చెండాడితే, 1830ల్లో ఇద్దరూ కరపత్రాల మీద కరపత్రాలు అచ్చేసుకున్నారు. ఇంగ్లండ్‌లో ఆయన పేరు ఆ నాలుగైదు గంటల యుద్ధం దగ్గరే ఆగిపోయింది. పోర్చుగల్‌లో 1817 ఉరికంబాల దగ్గర ఆగింది. తోమార్ శిబిరంలో ఆయనా ఫోర్జాజూ కలిసి చేసిన పని మాత్రం దస్తావేజుల్లోనే ఉండిపోయింది. గత కొన్ని దశాబ్దాల్లో ఫోర్జాజ్ మీద పరిశోధన పెరిగాకే, మనుషుల్ని ఎవరు తెచ్చారు, తిండి ఎవరు పెట్టారు, డబ్బు ఎప్పుడు ఆగింది అన్న ప్రశ్నలతో ఆ కాగితాలను చదవడం మొదలైంది.